ఆ పని మీద ఇప్పుడెవరున్నారు?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది బరిలో నిలిచారు. వాళ్లలో చాలామంది గెలుద్దామని నామినేషన్ వేసినవాళ్లు కారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మా ఎముకలను వంచేస్తోంది, కృష్ణా నీళ్లియ్యండి అని ఢిల్లీకి వినపడేలా చెప్పడానికి జలసాధన సమితి పట్టిన దారి అది. వినపడింది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. నీళ్లకు మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

అదే 1996 జనవరిలో అమెరికాలోని బెథెస్డాలో జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్లు ఇంటర్నెట్ మీద ప్రయోగాత్మకంగా ఒక వెతుకులాట యంత్రాన్ని పెట్టారు. దాని పేరు పబ్‌మెడ్. ఇవాళ అందులో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. నల్లగొండ కూడా ఉంది. 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం శీర్షికలోనే నల్లగొండ జిల్లా, హైదరాబాద్-దక్కన్ అని కనిపిస్తుంది.

మిషన్ భగీరథ పైపులు వచ్చాక ఇంకా ఈ గొడవ ఎందుకంటారా? నీళ్లు మారితే కొత్తగా పుట్టే పిల్లల పళ్లు బాగుంటాయి. మర్రిగూడలోనో, సంస్థాన్ నారాయణపురంలోనో ముప్పై నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగి, మెడ తిప్పలేక, నడుము వంగిపోయిన మనిషి ఎముక మాత్రం తిరిగి నిటారు కాదు. ఆయన కొడుకుకు ఇవాళ కావలసింది ఒక పేరు. ఈ జబ్బు మీద ఇప్పటికీ పనిచేస్తున్న డాక్టరు ఎవరు? ఎవరిని అడిగినా పదేళ్ల కిందో ఇరవై ఏళ్ల కిందో పేపర్లో వచ్చిన పేరే చెబుతారు. పేరు పెద్దదైనకొద్దీ అది పాతదయ్యే అవకాశమూ ఎక్కువే.

ఈ విషయంలో మనకు పెద్ద పేర్లకు కొదవ లేదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరో సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కొందరు పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని పాదాలు ఎడంగా పోతున్నాయని, దానితోపాటు ఎముక గుల్లబారుతోందని. 1975లో నాగపూర్‌లోని నీరీ సంస్థ ఇంజినీర్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని ప్రకటించి, దానికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు. ఆ రాసినవాళ్లలో బులుసు ఇంటిపేరు వారూ ఒకరు. వీళ్ల పని తీసిపారేసేది కాదు. కానీ మన కొడుకు ఉత్తరం రాయాల్సింది 1973కు కాదు కదా.

బతికున్న పనిని, ముగిసిన పనిని విడదీసే పబ్‌మెడ్ యంత్రం ఒక్కరోజులో పుట్టలేదు. దాని ముత్తాత ఒక పుస్తకం. అమెరికా అంతర్యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసిన జాన్ షా బిల్లింగ్స్ తర్వాత సైనిక వైద్య గ్రంథాలయం బాధ్యత తీసుకుని, 1879లో ఇండెక్స్ మెడికస్ మొదలుపెట్టాడు. నెల నెలా వచ్చే వైద్య వ్యాసాలను విషయాలవారీగా, రచయితలవారీగా వేసిన జాబితా. జనాభా లెక్కలను యంత్రంతో లెక్కించవచ్చు కదా అని హెర్మన్ హోలరిత్ చెవిన వేసిందీ ఈ బిల్లింగ్సే. ఆ మాట పట్టుకుని హోలరిత్ చేసిన చిల్లుల కార్డుల యంత్రం 1890 అమెరికా జనగణనను లెక్కించింది. కంప్యూటర్ల చరిత్రలో ఒక లైబ్రేరియన్‌కు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

1960ల నాటికి వ్యాసాల వరద మనుషుల చేతులు దాటిపోయింది. 1964లో అదే గ్రంథాలయం, అప్పటికి జాతీయ వైద్య గ్రంథాలయంగా మారి, మెడ్‌లార్స్ అనే కంప్యూటర్ వ్యవస్థను నడపడం మొదలుపెట్టింది. డాక్టరు తన ప్రశ్నను కాగితం మీద రాసి పంపితే, శిక్షణ పొందిన మనిషి దాన్ని యంత్రానికి అర్థమయ్యే మాటల్లోకి మార్చేవాడు. మాగ్నెటిక్ టేపులు తిరిగేవి. జవాబు అచ్చు కాగితాల రూపంలో కొన్ని వారాలకు టపాలో వచ్చేది. 1971లో మెడ్‌లైన్ పేరుతో టెలిఫోన్ తీగల మీదుగా నేరుగా అడిగే వీలు వచ్చింది. అప్పట్లో అందులో 239 పత్రికలే ఉండేవి, ఒకేసారి 25 మంది వాడుకోగలగడాన్నే గొప్పగా చెప్పుకున్నారు. తర్వాత పాతికేళ్లు అది డబ్బు కట్టేవాళ్ల సరుకుగానే ఉంది. 1997 జూన్ 26న అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్ చేతుల మీదుగా పబ్‌మెడ్ అందరికీ ఉచితమైంది. ఒక ప్రభుత్వం తన ప్రజల డబ్బుతో చేసి లోకమంతటికీ తలుపు తీసిపెట్టిన పనుల్లో ఇంత ఉపయోగపడినవి నాకు ఎక్కువ తట్టవు.

రెండో పాయ యూజీన్ గార్‌ఫీల్డ్‌ది. ఈయన కూడా మొదట ఆ గ్రంథాలయం డబ్బుతో నడిచిన సూచికల ప్రాజెక్టులోనే పనిచేశాడు. అమెరికన్ లాయర్లకు షెపర్డ్స్ అని ఒక గ్రంథం ఉంది. ఫలానా తీర్పును ఆ తర్వాత ఏయే కోర్టులు ప్రస్తావించాయో అది చెబుతుంది. ఆ సంస్థలో పనిచేసి రిటైరైన విలియం అడైర్ రాసిన ఉత్తరం చూశాక గార్‌ఫీల్డ్‌కు దారి దొరికింది. సైన్స్ వ్యాసాలకూ ఇలాంటిది ఎందుకు ఉండకూడదని 1955లో సైన్స్ పత్రికలో రాశాడు. 1960ల మొదట్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ బయటికొచ్చింది. దానివల్ల కాలం దిశ మారింది. వ్యాసం చివర ఉండే జాబితా పట్టుకుని మనం వెనక్కే వెళ్లగలం: సిద్దిఖీ ఎవరిని చదివాడు? గార్‌ఫీల్డ్ సూచిక ముందుకు నడిపిస్తుంది: సిద్దిఖీని ఆ తర్వాత ఎవరెవరు చదివారు, వాళ్లలో నిరుడు రాసినవాళ్లు ఎవరు? ఇవాళ వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్, గూగుల్ స్కాలర్ అన్నీ ఈ పని చేస్తాయి. మొదటి రెండూ చందా కట్టినవాళ్లకే. గూగుల్ స్కాలర్ 2004 నుంచీ ఉచితం. మన పనికి అది చాలు.

ఇక కూర్చుని వెతుకుదాం. పబ్‌మెడ్ పెట్టెలో ఇంగ్లీషులో ఫ్లోరోసిస్, నల్లగొండ అని కొట్టగానే మొదటి చిక్కు వస్తుంది. ఈ మనిషి నల్లగొండలోనే పనిచేసినా ఆ మాట రాయకపోవచ్చు. 1955లో రాసినవాడికి ఇది హైదరాబాద్-దక్కన్. 2014 దాకా రాసినవాళ్లందరికీ ఆంధ్రప్రదేశ్. ఆ తర్వాత తెలంగాణ. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక చౌటుప్పల్, నారాయణపురం యాదాద్రి భువనగిరిలోకి పోయాయి. పాలమూరు సంగతి మరీ చిత్రం. ఇంగ్లీషులో మహబూబ్‌నగర్‌ను రాసేవాళ్లు తలా ఒక రకంగా రాస్తారు: బి తర్వాత యు ఒకటా, ఓలు రెండా, మధ్యలో ఎ ఉందా లేదా. ఒక్క స్పెల్లింగుతో వెతికి ఎవరూ లేరనుకుంటే పొరపాటు. పైగా ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట వేరే జిల్లాలు. అన్ని పేర్లనూ మధ్యలో ‘లేదా’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటతో కలిపి ఒకే ప్రశ్నగా అడగాలి. జబ్బుకూ అంతే. పబ్‌మెడ్ సొంత పదకోశంలో పళ్ల ఫ్లోరోసిస్ ఒక శీర్షిక, ఫ్లోరైడ్ విషప్రభావం మరో శీర్షిక. రెండూ వేయాలి.

జాబితా వస్తుంది. యంత్రం తనకు బాగా సరిపోయాయనిపించినవి పైన పెడుతుంది. దాన్ని తీసేసి కొత్తవి పైకి వచ్చేలా మార్చండి, గడిచిన 5 ఏళ్లకు కత్తిరించండి. గూగుల్ స్కాలర్‌లో ఇది ఇంకా ముఖ్యం. ఎక్కువమంది ప్రస్తావించిన వ్యాసాన్ని అది నెత్తిన పెట్టుకుంటుంది, అంతమంది ప్రస్తావించాలంటే వ్యాసానికి వయసు రావాలి. అందుకే అక్కడ పైన కనిపించేవాళ్లు తరచుగా రిటైరైనవాళ్లే.

తర్వాత పేర్లు. ఇక్కడ తెలుగువాళ్లకే ప్రత్యేకమైన తంటా ఒకటుంది. యంత్రం చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. మనకు చివర ఉండేది రెడ్డో, రావో. ఫ్లోరోసిస్ వల్ల నరాలు ఎలా నలిగిపోతాయో దశాబ్దాలు పరిశీలించి 2009లో న్యూరాలజీ ఇండియాలో సమగ్రంగా రాసిన డి. రాజారెడ్డి అందులో ‘రెడ్డి డి.ఆర్.’గా ఉంటారు. 2010లో వాయిళ్లపల్లి పరీవాహక ప్రాంతపు గ్రానైటులో ఫ్లోరైడ్ కదలికల మీద కెమికల్ జియాలజీలో రాసిన భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ‘రెడ్డి డి.వి.’. ఆ వ్యాసంలోనే ఎ.జి.ఎస్. రెడ్డి అని మరొకరు. అందరిదీ హైదరాబాదే, అందరిదీ ఫ్లోరైడే, అందరికీ నల్లగొండతో పనే. వెన్నుపాము నొప్పికి మందడగడానికి రాళ్ల శాస్త్రవేత్తకు ఉత్తరం రాసే ప్రమాదం నిజంగానే ఉంది. 2002కు ముందు మెడ్‌లైన్‌లో పూర్తి పేర్లే లేవు, పొడి అక్షరాలే. సంస్థ చిరునామా 1988 నుంచి మొదటి రచయితకే ఇచ్చారు. అందరి చిరునామాలూ 2014 నాటికి గానీ రాలేదు. ఈ గందరగోళం తీర్చడానికే 2012లో ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. అది ఉన్న పరిశోధకుడు ఎన్ని ఉద్యోగాలు మారినా దొరుకుతాడు.

యంత్రం చూడలేనివీ ఉన్నాయి. 1968 నుంచి వస్తున్న ఫ్లోరైడ్ అనే పత్రికే ఒకటుంది. ఆ పేరు పెట్టుకున్న పత్రిక పబ్‌మెడ్ జాబితాలో ఉండదు. కనుక పబ్‌మెడ్ ఒక్కటే చూసి లేచిపోకూడదు. నల్లగొండ టెక్నిక్ అని వెతికితే ఇంకో తమాషా. టాంజానియా, ఇథియోపియా, కెన్యా వస్తాయి, ఎక్కడెక్కడి కెమిస్ట్రీ లాబ్‌లూ వస్తాయి. కొత్త వడపోత పొడి తయారుచేసిన ప్రతివాడూ తన వ్యాసం మొదట్లో ఈ పద్ధతిని ఒకసారి తలుచుకుంటాడు. వాళ్లు మునుగోడు చూసి ఉండనక్కర్లేదు. ఇక ఒక్క వ్యాసమూ రాయకుండా వేలమందిని చూసిన ప్రభుత్వ డాక్టర్లు, చేతిపంపులకు ఎర్రరంగు వేయించిన నీటి సరఫరా ఇంజినీర్లు, ఊరూరా తిరిగిన ఉద్యమకారులు ఈ యంత్రం లెక్కలో లేనే లేరు. నా దృష్టిలో దీని అసలు లోపం అదే. అచ్చయినదే జ్ఞానమని అది అనుకుంటుంది.

అయినా అది దాచిన చిన్న సంగతులు ముచ్చటగా ఉంటాయి. 2002లో పోషకాహార సంస్థకు చెందిన ఎ.ఎల్. ఖండారే బృందం చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని యూరోపియన్ క్లినికల్ న్యూట్రిషన్ పత్రికలో ప్రకటించింది. రోజూ చారు తాగే మన జిల్లాలకు ఇంత దగ్గరి వార్త తెలుగు పేపర్లలో ఎంతమంది చదివారో. దాన్ని గూగుల్ స్కాలర్‌లో తీసి, కింద ‘ప్రస్తావించినవి’ అని అర్థమిచ్చే వరసను నొక్కి, ఈ రెండు మూడేళ్లకు కుదించి చూడండి. ఒకే పేరు మూడు నాలుగు చోట్ల తగిలితే ఆ మనిషి ఇంకా ఆ పనిలో ఉన్నట్టే.

పేరు దొరికాక వాళ్ల సంస్థలో ఇంకా ఉన్నారో లేదో ఒకసారి సరిచూసుకుని ఉత్తరం రాయండి. వ్యాసం మీద ఈమెయిల్ ఇచ్చిన రచయిత సాధారణంగా పరిశోధన నడిపించిన పెద్దమనిషి. ఆయనకు రోజూ ఇలాంటివి డజన్లు వస్తాయి. అందుకని నాలుగు వాక్యాల్లో రోగి వయసు, ఊరు, ఎన్నేళ్లు ఆ నీళ్లు తాగాడు, ఇప్పుడు ఏం చేయలేకపోతున్నాడు, ఎక్స్‌రే ఉందా లేదా రాస్తే చాలు. ఆయన ఏ వ్యాసం చదివి రాస్తున్నారో ఒక్క ముక్క చేర్చండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే వ్యాసంలో మొదటి పేరున్న మనిషికి రాయండి. బోరుబోరుకూ తిరిగి సీసాలు నింపుకుని, ముసలివాళ్ల నడుములు కొలిచింది ఎక్కువసార్లు ఆ అమ్మాయో అబ్బాయో అయివుంటారు.