గుర్రమెక్కిన సస్పెన్స్!

బుక్కపట్నం చుట్టుపక్కల గుట్టలూ బండరాళ్లూ చూస్తే... ఆ మలుపులోంచి టోపీ పెట్టుకున్న వీరుడెవరో గుర్రమ్మీద దూసుకొస్తాడేమో అనిపిస్తుంది. కానీ తెలుగు కౌబాయ్ స్వారీ చేసింది సీమలో కాదు, రాజస్థాన్ ఎడారిలో!

1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ సంగతది. అంతకు ముందటేడు పద్మాలయా సంస్థ తీసిన ‘అగ్నిపరీక్ష’ ఆడలేదు. రెండో సినిమాకి ఎవరైనా జాగ్రత్తపడతారు. కృష్ణ మాత్రం ఎవరూ తొక్కని దారి పట్టారు. దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్, కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి.

గుర్రం, తుపాకీ, టోపీ... ఏవీ మన పల్లెకథలో ఇమిడేవి కావు. ఆ చిక్కు విప్పింది ఆరుద్ర. అవును, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్రే! కథను ఆయన తెల్లదొరల కాలానికి, అమరవీడు అనే సంస్థానానికి జరిపేశారు. సంస్థానమంటే గుర్రాలుంటాయి, దొరలుంటే తుపాకులుంటాయి, దాచిన నిధీ ఉంటుంది. ఇక అడిగేదేముంది?

స్ఫూర్తి హాలీవుడ్, ఇటలీలదే. ‘మెకన్నాస్ గోల్డ్’ (1969) నిధివేట సరే, అసలు కిటుకు సెర్గియో లియోనీది. ‘ది గుడ్ ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) చివర్లో ముగ్గురు శ్మశానం నడుమ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడతారు. మాటల్లేవు. కళ్లు, చేతులు, తుపాకీ పిడి, సంగీతం... అంతే! తూటా పేలడం కన్నా పేలబోయే ముందు క్షణమే ప్రేక్షకుణ్ని కుర్చీ అంచుకు లాగుతుంది. అంతకుముందే ‘హై నూన్’ (1952) ఇదే పనిని గోడగడియారంతో చేసింది. పన్నెండింటి రైల్లో దిగే శత్రువు కోసం ఒంటరి మార్షల్ ఎదురుచూపు, అదీ కథ.

తెలుగువాళ్లకు అంత మౌనం పట్టదు. అందుకే ఇక్కడి ఉత్కంఠంతా ‘ఎవరు ఎవర్ని ముంచుతారు?’ అన్నదే. నాగభూషణం నక్కజిత్తుల నాగన్నగా కనిపిస్తే చాలు, నవ్వొస్తుంది... వెంటనే అనుమానమూ వస్తుంది. నిజం చెప్పాలంటే సినిమాకి సగం ప్రాణం ఆయనే.

‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లిష్‌లోకీ వెళ్లిందీ చిత్రం. తర్వాత చిరంజీవి ‘కొదమసింహం’ (1990), మహేష్‌బాబు ‘టక్కరిదొంగ’ (2002) అదే దారిలో నడిచాయి. కృష్ణ 2022 నవంబరులో కన్నుమూశారు. ఆయన లేని తొలి పుట్టినరోజున, 2023 మే 31న, అభిమానులు మళ్లీ థియేటర్లలో చూసుకున్నది ఈ మోసగాణ్నే.