నలుగురం ఆడవాళ్ళం, ఏడువందల కిలోమీటర్లు, ఒక సముద్రం

సెలవులొస్తే ఇంట్లో అందరికీ సెలవే, ఒక్క ఇల్లాలికి తప్ప. తిరుపతి వెళ్ళినా, ఊటీ వెళ్ళినా పులిహోర కలిపేది ఆవిడే, తడి తువ్వాళ్ళు పిండేదీ ఆవిడే. ఇక సముద్రం దగ్గరికెళ్ళామనుకోండి, పిల్లలూ మగవాళ్ళూ కేరింతలు కొడుతూ అలల్లోకి పరిగెడతారు. చెప్పులూ, వాచీలూ, సెల్‌ఫోన్లూ కాపలా కాస్తూ ఇసుకలో కూర్చునేది ఎవరో వేరే చెప్పాలా? మైపాడు బీచికి పదిసార్లు వెళ్ళొచ్చిన మా వదిన మోకాలి లోతు నీళ్ళలో కూడా ఎన్నడూ నిలబడలేదంటే నమ్ముతారా!

అందుకే చీటీ డబ్బులు చేతికి రాగానే ఒక నిర్ణయానికొచ్చాం. నేనూ, వదినా, ఇంటర్ చదివే వదిన కూతురూ, మా అత్తయ్యా... నలుగురం విశాఖపట్నం వెళ్ళాలి. మూడు రోజుల్లో ఊరూ చూడాలి, సముద్రంలోకీ దిగాలి.

మా సోమశిల నుంచి విశాఖ అంటే మాటలా? ఆత్మకూరు మీదుగా నెల్లూరికి బస్సు, అక్కణ్ణించి రాత్రి రైలు. మొత్తం దాదాపు 700 కిలోమీటర్లు. "సముద్రం కావాలంటే మైపాడు లేదా? పైగా మీలో ఒక్కరికీ ఈత రాదు" అన్నారు మావారు. ఆయనకి జవాబు చెప్పడం తేలికే. నా బెంగంతా అత్తయ్య గురించే.

అత్తయ్య పుట్టిల్లు కడప జిల్లాలో. పెన్నమీద సోమశిల ప్రాజెక్టు కట్టినప్పుడు వెనక నీళ్ళలో మునిగిపోయిన ఊళ్ళలో వాళ్ళదీ ఒకటి. 78 టీఎంసీల జలాశయం అది. ఆ నీళ్ళతో నెల్లూరు పొలాలు పండుతున్నాయి, కండలేరు మీదుగా చెన్నై దాహం తీరుతోంది. మంచిదే. కానీ చుట్టాలొచ్చినప్పుడల్లా మేమందరం డ్యాము చూడ్డానికి వెళితే, ఆవిడ మాత్రం రారు. "ఆ నీళ్ళను నేనేం జూసేది లేమ్మా" అంటారు. అలాంటి మనిషి "నేనొక్కదాన్నే ఇంట్లో ఏంజేయాల? నేనూ వస్తా" అని సంచీ సర్దుకుంటే నాకు నోట మాట రాలేదు.

ముందు ఊరు చూద్దాం

మొదటి రోజు పొద్దున్నే సింహాచలం. స్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటారు, నిజరూప దర్శనం వైశాఖంలో అక్షయతృతీయ నాడు మాత్రమే. అక్కణ్ణించి కైలాసగిరి. రోప్‌వేలో పైకి వెళుతుంటే కిందంతా నీలం. అత్తయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

సాయంత్రం రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం నాడు విధులు చేసి, 2001లో విరమించింది. 2002 నుంచి ప్రదర్శనశాల. పొడవు 90 మీటర్లకు పైనే అయినా లోపల ఒక మనిషి వెళితే ఇంకో మనిషి పక్కకి ఒదగాల్సిందే. డెబ్బైమందికి పైగా అందులోనే తిండీ నిద్రా! వంటగది చూసి వదిన, "మా వంటిల్లు ఇరుగ్గా ఉందని ఇంకెప్పుడూ అనను" అంది. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్ళు సముద్రంమీద కాపలా కాసిన ఆ విమానం 2017లో ప్రదర్శనశాలగా మారింది.

రెండోరోజు భీమిలి రోడ్డు. తొట్లకొండ మీద రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, గోస్తని నది సముద్రంలో కలిసేచోటు. ఒక పక్క కొండ, ఒక పక్క కడలి... ఆ రోడ్డు అందం చూసి తీరాల్సిందే.

ఇక నీళ్ళలోకి

మూడోరోజు రుషికొండ. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరమది. అక్కడ స్కూబా డైవింగు నేర్పేవాళ్ళున్నారు. మొదటిసారి దిగేవాళ్ళకి ఈత రాకపోయినా ఫర్వాలేదు, శిక్షకుడు చెయ్యి వదలకుండా పక్కనే ఉంటాడు. ముందు లోతులేని నీళ్ళలో అలవాటు చేయించారు. నోటితోనే గాలి పీల్చాలి, ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు. లోతుకి వెళ్ళేకొద్దీ నీటి ఒత్తిడి చెవుల మీద పడుతుంది. ముక్కు మూసుకుని మెల్లిగా గాలి ఊదితే సర్దుకుంటుంది. మాటలుండవు కాబట్టి చేతి సైగలే భాష.

నేనూ, వదిన కూతురూ దిగాం. లోతు ముప్పై అడుగులు కూడా లేదు. నీళ్ళు టీవీలో చూపించినంత తేటగానూ లేవు. అయితేనేం! రాళ్ళ సందుల్లో చారల చేపలు నా వేళ్ళ మధ్యనుంచే వెళ్ళిపోయాయి. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. పెళ్ళయ్యాక అంత నిశ్శబ్దంలో నేనెప్పుడూ లేను సుమండీ! వదిన లైఫ్ జాకెట్ వేసుకుని పడవెక్కి, పిల్లకన్నా ఎక్కువగా కేకలు పెట్టింది.

గట్టుకొచ్చాక అత్తయ్య నా తల తుడుస్తూ మెల్లిగా అడిగారు, "లోపల ఎట్టుందమ్మా? చీకటా?" లేదత్తయ్యా, వెలుతురే, పచ్చగా ఉంది అన్నాను. "రాళ్ళూ గోడలూ కనపడతాయా?" "కనపడతాయి, నాచు పట్టుంటాయి. చేపలు తిరుగుతుంటాయి." ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అయితే మా ఇల్లు ఒట్టి చీకట్లో లేదన్నమాట" అన్నారు. తర్వాత వదిన చెయ్యి పట్టుకుని, చీరె కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాలిదాకా నీళ్ళలోకి నడిచారు. అలలు రెండు వచ్చి వెళ్ళినా వెనక్కి రాలేదు.

మీరూ వెళతారా? ఇవి గుర్తుంచుకోండి

రామకృష్ణా బీచిలో ఈతకు దిగొద్దు. అక్కడి లోపలి లాగుడుకి ఈతగాళ్ళే కొట్టుకుపోయారు. ఎక్కడైనా సరే నీరు లోపలికి లాగితే గట్టువైపు ఎదురీదకండి. గట్టుకి సమాంతరంగా పక్కకి కదిలి, లాగుడు తప్పాక ఒడ్డుకి రావాలి.

డైవింగుకి ముందు ఆరోగ్య పత్రం నిజాయితీగా నింపండి. ఉబ్బసం, గుండెజబ్బు, చెవిపోటు, జలుబు ఉంటే చెప్పాలి. గర్భిణులు దిగకూడదు. నెలసరి అయితే దిగకూడదని నియమమేమీ లేదు, మీ ఓపికను బట్టే. డైవింగు చేసిన మర్నాటిదాకా విమానం ఎక్కొద్దు, అరకు కొండల ప్రయాణమూ పెట్టుకోవద్దు. ఎత్తుకి వెళితే ఒంట్లో కరిగిన నత్రజని బుడగలై బాధిస్తుంది.

తడిసిన చీరె కాళ్ళకు చుట్టుకుంటుంది కాబట్టి నీళ్ళలోకి చున్నీ లేని చుడీదారే మేలు. మంగళసూత్రం, గాజులు గదిలోనే భద్రపరచండి. తుపానుల కాలం, వానాకాలం తప్పించి చలికాలంలో వెళ్ళండి.

మరో మాట. మేం లేని ఆ నాలుగైదు రోజులూ ఇంట్లోవాళ్ళు ఆకలితో ఏమీ పడుకోలేదు. మావారు చారు పెట్టడం నేర్చుకున్నారు. ఉప్పు కాస్త ఎక్కువే, అయినా ఆ విద్య మరిచిపోకుండా నెలకోసారి పెట్టిస్తున్నాను. వదిన అప్పుడే కొత్త చీటీలో చేరింది. మీ సంగతేమిటి?