స్మార్టుఫోను కొనువారు గమనింపవలసిన మూడు సంగతులు: వెల, బ్యాటరీ, సాఫ్టువేరు పోషణ

ఎడ్లజతను కొనబోవు రైతు సంతలో చెప్పిన ధరనొక్కదానినే విని రొక్కము లెక్కపెట్టడు. పండ్లు చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూచును, ఇంకెన్ని యేండ్లు కాడి మోయగలదో మనసులో లెక్కవేసికొనును. ఇంతటి వివేకము గల కృషీవలుడే స్మార్టుఫోను కొనునపుడు మాత్రము అంగడివాడు చూపిన రంగును, కెమెరాను, తగ్గింపు ధరను చూచి తృప్తిపడి యింటికి వచ్చుచున్నాడు. పరికరము క్రొత్తదగుటచే దాని ఆయుర్దాయమును కనుగొను విధము తెలియకపోవుటయే యిందులకు కారణము గాని వేఱొండు కాదు. ఆ విధమును మన సభ్యులకు వివరింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఫోను విలాసవస్తువుగా నున్న దినములు గడచిపోయినవి. 2025 సెప్టెంబరు నెలలో భారత పత్తి సంస్థవారి కొనుగోలు కొఱకు "కపాస్ కిసాన్" అను యాప్ ప్రారంభింపబడినది. 2025-26 సంవత్సరమునకు పొడవుపింజ పత్తికి క్వింటాలునకు రు. 8,110 మద్దతు ధరగా నిర్ణయింపబడెను. ఆ ధరకు సంస్థవారికి అమ్మదలచిన రైతు ఆ యాప్‌లో పేరు నమోదు చేసికొని, సరకు తెచ్చు దినమును ముందుగా నిర్ణయించుకొనవలసి వచ్చినది. పి.ఎం. కిసాన్ సొమ్మునకు గుర్తింపును ఫోనులో ముఖము చూపి ముగించుకొను వసతి 2023 జూన్ నెలలో కల్పింపబడినది. కాబట్టి ఫోను పని చేయని దినమున చెడునది మాటామంతీ మాత్రమే కాదు. పంట యమ్మకము ఆగును, రాబడి ఆగును. చేవెళ్ళ, శంకరపల్లి, వికారాబాదు ప్రాంతముల పత్తిరైతుకు గాని, గుడిమల్కాపురము అంగడికి పూలు తెచ్చు రైతుకు గాని ఈ విషయము కొత్తగా చెప్పనక్కఱలేదు.

సాఫ్టువేరు పోషణ

మూడు సంగతులలో అందఱును విస్మరించునది యిదియే గనుక దీనినే ముందు చెప్పెదము. ఫోను లోపల కంటికి కనబడని వ్రాతపని యొకటి కలదు. దానినే సాఫ్టువేరు అందురు. కాలువకు ఏటేట పూడిక తీసి గండ్లు పూడ్చనిచో నీరు పొలము చేరదు. అట్లే ఈ వ్రాతపనిలో బయటపడు లోపములను ఎప్పటికప్పుడు సవరింపనిచో ఆ గండ్లగుండ దొంగలు ప్రవేశింతురు. ఆండ్రాయిడు ఫోనులకు ఇట్టి భద్రతా సవరణలను నెలనెలకు వెలువరించు పద్ధతి 2015 ఆగస్టు నుండి జరుగుచున్నది.

ఈ సవరణ మన ఫోనునకు చేరుటకు మువ్వురి చేతులు దాటి రావలెను. ఆండ్రాయిడును నిర్మించు గూగుల్ సంస్థ మొదటిది. ఫోనునకు మెదడువంటి చిప్పును చేయు సంస్థ రెండవది. ఫోనును తయారుచేసి తన పేరుతో అమ్ము సంస్థ మూడవది. ఈ మువ్వురును మన రాజధానికి పరాయివారు కారు. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతము హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు ప్రసిద్ధి కెక్కినది. గూగుల్ సంస్థ 2004 నుండి హైదరాబాదున కార్యాలయము నడుపుచున్నది. చిప్పులు చేయు క్వాల్కామ్ సంస్థ ఇంజనీర్లు ఈ నగరమున పెక్కండ్రు కలరు. ఫోనులు చేయు వన్‌ప్లస్ సంస్థ 2019 ఆగస్టులో ఇచ్చట పరిశోధనాకేంద్రమును తెఱచినది. మన పొలములకు ముప్పది నలువది మైళ్ళ దూరములోనే యీ విద్య సాగుచున్నను, దాని ఫలము మన ఫోనులకు ఎంతకాలము చేరునో మనము అడిగి తెలిసికొనుట లేదు.

పై మువ్వురిలో ఒక్కరు చేయి వదలినను సవరణలు నిలిచిపోవును. ఫోను పగులదు, ఆరిపోదు. పైకి బాగుగనే యుండును. కాని లోపల ముసలిదగుచుండును. కొంతకాలమునకు యాప్‌లు ఒక్కొక్కటిగా దానిని విడిచిపోవును. ఆండ్రాయిడు 4.4 గల పాత ఫోనులలో వాట్సాప్ 2025 జనవరి 1వ తేదీతో ఆగిపోయినది. సొమ్ము చెల్లించు యాప్‌లును పాతబడిన ఫోనులను ఇట్లే నిరాకరించును.

ఎన్నియేండ్లు పోషింతురను విషయమున సంస్థ సంస్థకును భేదము కలదు. 2023 అక్టోబరులో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8నకును, 2024 జనవరిలో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్ 24నకును ఏడేండ్ల పోషణ వాగ్దానము చేయబడినది. ఇవి ఖరీదైన ఫోనులు. అయినను 2024 అక్టోబరులో రు. 18,999 వెలతో మన దేశమున విడుదలయైన శాంసంగ్ గెలాక్సీ ఎ 16 అను 5జి ఫోనునకు కూడ ఆఱేండ్ల వాగ్దానము లభించుట గమనింపదగినది. ఆపిల్ సంస్థ 2013లో విడుదల చేసిన ఐఫోన్ 5 ఎస్‌నకు 2023 జనవరిలో సైతము ఒక భద్రతా సవరణ నిచ్చినది. దీర్ఘపోషణ సాధ్యము కాదనువారికి ఇది చాలిన సమాధానము.

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును మఱువరాదు. ఈ యేండ్లు ఫోను సంతకు వచ్చిన దినమునుండి లెక్కింపబడును గాని మనము కొన్న దినమునుండి కాదు. పండుగ తగ్గింపులలో రెండేండ్ల నాటి ఫోనును కొన్నవాడు రెండేండ్ల ఆయువును ముందే పోగొట్టుకొన్నవాడగును.

బ్యాటరీ

బ్యాటరీ పరిమాణమును మిల్లీ ఆంపియర్ గంటలలో చెప్పుదురు. 5,000 గల బ్యాటరీలో సుమారు 19 వాటు గంటల శక్తి యిముడును. చార్జీ చేయునపుడు పోవు నష్టమును కలిపి దినమునకు 25 వాటు గంటలనుకొన్నను, సంవత్సరమునకు ఖర్చగు కరెంటు సుమారు తొమ్మిది యూనిట్లే. కావున కరెంటు ఖర్చును గూర్చి చింతింపనక్కఱలేదు. బ్యాటరీ అరుగుదలను గూర్చియే చింతింపవలెను.

బ్యాటరీ సంఖ్య పెద్దదైనంతమాత్రమున ఎక్కువసేపు నిలుచునని తలంపరాదు. తెర ఎంత వెలుగుచున్నది, చిప్పు ఎంత పొదుపుగా పని చేయుచున్నది, టవరు ఎంత దూరమున నున్నది యను మూడింటిమీదను అది ఆధారపడును. టవరు దూరమైనచో ఫోను బిగ్గరగా అఱచు మనిషివలె ఎక్కువ శక్తి వెచ్చించును. పట్టణమున రాత్రివఱకు నిలిచిన ఫోను పల్లెలో మధ్యాహ్నమునకే నీరసించుటకు ఇదియే కారణము.

బ్యాటరీ ఆయువును చార్జీల లెక్కతో కొలుతురు. ఒకసారి పూర్తిగా నింపి వాడిన ఒక ఆవృత్తి. రెండు సగములు కలిసిన ఒకటియే యగును. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము బ్యాటరీ 800 ఆవృత్తుల పిమ్మట సైతము నూటికి 80 వంతుల శక్తిని నిలుపుకొనవలెను. దినమున కొకటి చొప్పున 800 ఆవృత్తులన్న రెండేండ్ల రెండు నెలలు. ఆ పిమ్మట 5,000 బ్యాటరీ 4,000 బ్యాటరీయే యగును. కావున ఆఱేండ్ల సాఫ్టువేరు గల ఫోనునకు నడుమ ఒక్కసారియైనను బ్యాటరీ మార్చవలసి యుండును. ఫోను కొనకముందే దాని బ్యాటరీ దొరుకునా, వెల యెంత, మార్చువారు సమీపమున కలరా యని విచారింపుడు.

ఎండ బ్యాటరీకి గొప్ప శత్రువు. పరిసరపు వేడి 35 డిగ్రీలు మించినచో అరుగుదల హెచ్చును. మన వేసవిలో 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ట్రాక్టరు బానెట్టుమీదను, మోటారు స్టార్టరు డబ్బాపైనను ఫోను నుంచరాదు. ఎండలో చార్జీ చేయుట మఱింత హానికరము.

వెల

ఇక వెల సంగతి. వెలను మొత్తముగా గాక ఏటి లెక్కన చూడవలెను. ఉదాహరణమునకు మూడు ఫోనులను ఊహింతము. మొదటిది రు. 9,000, పోషణ రెండేండ్లు. రెండవది రు. 14,000, పోషణ నాలుగేండ్లు, నడుమ బ్యాటరీకి రు. 1,500. మూడవది రు. 19,000, పోషణ ఆఱేండ్లు, బ్యాటరీకి రు. 2,000. ఏటికి మొదటిదానికి రు. 4,500, రెండవదానికి రు. 3,875, మూడవదానికి రు. 3,500 చొప్పున పడుచున్నది. చౌక యనుకొన్నదే ప్రియమైనది!

ఆ మూడవ ఫోనునే విడుదలయైన రెండేండ్లకు రు. 16,000లకు కొంటిమనుకొందము. మిగిలిన పోషణ నాలుగేండ్లు. బ్యాటరీతో కలిపి ఏటికి రు. 4,500. మూడువేలు తగ్గించితిమని అంగడివాడు చెప్పిన మాట నిజమే. కాని మనకు మొదటి ఫోనుతో సమానమైన ఖర్చే తేలినది.

ఐతే ఈ లెక్క ఫోను పదిలముగా నున్నపుడే చెల్లును. నాట్లనాడు బురదలో పడి రెండవ యేటనే పాడైనచో రు. 19,000ల ఫోనునకు ఏటికి రు. 9,500 పడును. ఫోనును పొలములోనే తిప్పువారు మధ్యతరగతి ఫోనును తీసికొని, గట్టి తొడుగు వేయించుకొనుట క్షేమము.

వాయిదాలమీద కొనువారు మఱియొక సంగతి యోచింపవలెను. సున్న వడ్డీ యనునది నిజమునకు లేదని రిజర్వు బ్యాంకువారు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టము చేసియున్నారు. రొక్కమిచ్చిన వెల యెంత, వాయిదాల మొత్తమెంత యని రెండును అడిగి వ్యత్యాసమును చూచుకొనుడు. రసీదు లేనిదే ఏ ఫోనును కొనవలదు.

వాడిన ఫోనులు

నగరమున ఉద్యోగులు మార్చివేసిన ఫోనులు చాల అంగళ్ళలో దొరకుచున్నవి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత వీనియెడల కొనువానికే లాభకరముగా నుండును. ఏడేండ్ల వాగ్దానము గల రెండేండ్ల ఫోనునకు ఇంకను ఐదేండ్ల పోషణ మిగిలియుండును. ఆబిడ్సు నందలి జగదీశ్ మార్కెటు విడిభాగములకును మరమ్మతులకును పేరుపొందినది. కాని దొంగసొత్తు కాకుండ చూచుకొనవలెను. ఫోనులో *#06# అని నొక్కినచో పదునైదంకెల సంఖ్య కనబడును. ఇంగ్లీషున కే, వై, ఎం అను అక్షరములు వ్రాసి, ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422నకు సందేశము పంపినచో ఫోను వివరము తెలియును.

అడుగవలసిన ప్రశ్నలు

కొనువారు అంగడిలో ఈ యైదు ప్రశ్నలు అడుగుదురు గాక: ఈ ఫోను ఏ నెలలో విడుదలయైనది? సాఫ్టువేరు పోషణ ఎన్నియేండ్లని సంస్థ ప్రకటించినది? క్రొత్త బ్యాటరీ వెల యెంత? మరమ్మతు కేంద్రము ఎచ్చట నున్నది? రొక్కపు ధర యెంత? అంగడివాని నోటిమాట చాలదు. సంస్థవారి ప్రకటనను చదువ నేర్చిన పిల్లలచేత చూపించుకొనుడు.

మన దేశమునను ఈ దిశగా కొంత యత్నము జరుగుచున్నది. మరమ్మతు సౌలభ్యమును బట్టి ఫోనులకు మార్కులు వేయు పద్ధతిని గూర్చి, వినియోగదారుల వ్యవహారముల శాఖ నియమించిన సమితి 2025 మే నెలలో నివేదిక సమర్పించినది. కొనువారు అడుగుట మొదలిడిననే అమ్మువారు చెప్పుట మొదలిడుదురు. ఒక్కడు అడిగిన ప్రశ్నకు రాని జవాబు పదిమంది కూడి అడిగిన వచ్చును. సహకారమునకు మూలసూత్రమిదియే గదా.

ఇప్పటికే ఫోనులు గలవారు ఒక పని చేయవలెనని కోరుచున్నాము. సెట్టింగులలో "ఫోను గురించి" అనుచోట భద్రతా సవరణ తేదీ కనబడును. ఆ తేదీ సంవత్సరము దాటినదైనచో ఆ ఫోనును మాటలకు వాడుకొనవచ్చును గాని బ్యాంకు పనులకు వాడకుండుట మేలు. పంట చేతికి వచ్చి తొందర కలుగకముందే, తీరిక గల దినమున ఈ పరీక్ష చేసికొనుడు.