చోటు మారిన గుండం

పోయిన ఏడు ఏరువాక పున్నమికి తోరణం ఎక్కడ కట్టాలా అని మా కాలనీలో పెద్ద పంచాయితీ అయింది. పాత ఊళ్లో అయితే ఆ మాటే వచ్చేది కాదు. ఊరి బయట వేపమానుకు, దానికి ఎదురుగా పాతిన రాతి కూసానికి మధ్య కట్టడమే. అది మా తాతల నాటి చోటు. ఇప్పుడు ఆ మానూ, కూసమూ నీళ్లలో ఉన్నాయి.

మాది కొండాపురం మండలం. గండికోట దగ్గర పెన్న మీద కట్టిన రిజర్వాయరులో మునిగిన ఊళ్లలో మాదొకటి. దాని నిల్వ 26.85 టీఎంసీలు. 2020లో నీళ్లు పెంచినప్పుడు మూటాముల్లె సర్దుకొని మేం ఈ పునరావాస కాలనీకొచ్చాం. ఇంటి గడపలు, దూలాలు పెరుక్కొని తెచ్చుకున్నోళ్లున్నారు. పండగలను తెచ్చుకోవడం మాత్రం అంత సులువు కాలేదు.

ఏరువాక జ్యేష్ఠ పున్నమి నాటి పండగ. పొద్దున్నే ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడకు గంటలు కట్టి, ఓళిగ తినిపిస్తాం. సాయంత్రం గోగునారతో పేనిన తోరణం కింద వాటిని పరిగెత్తిస్తాం. వెంట ఉరికే మొగోళ్లు చెర్నాకోలలతో ఆ తోరణాన్ని కొడతారు. తెగిన నారపోచ ఎవరికి దొరికితే వాళ్లు తీసుకుపోయి ఎద్దు మెడకో నాగలికో కట్టుకుంటారు. మా జేజి అయితే ఆ పోచను విత్తనాల గంపలో దాచిపెట్టేది.

ఈ పండగ ఎప్పుడూ జూన్ దరిదాపుల్లోనే వస్తుంది. మన చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే అయినా, మూడేళ్లకు కాస్త ముందుగానే ఒక అధికమాసం కలిపి పంచాంగం లెక్క సరిచేస్తుంది. అందుకే ఏరువాక తొలకరిని వదిలి పోదు.

మాకు ఇంకో పెద్ద పండగ ఉంది, పీర్ల పండగ. దానికి ఈ సర్దుబాటు లేదు. అది వచ్చే మొహర్రం నెల ఏటా దాదాపు పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. 33 ఏళ్లలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ చుట్టి వస్తుంది. 1998లో మే నెల ఎండల్లో వచ్చింది, నిప్పుల గుండం దగ్గర నిలబడలేకపోయాం. 2009లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి, ఒకే ఏడు రెండుసార్లు వచ్చింది. “ఈ ఏడు బెల్లం అప్పు రెండింతలైందబ్బా” అని మా నాయన నవ్వినాడు.

మా ఊళ్లో ముజావరు ఇల్లొక్కటే ముసల్మానులది. పండగ మాత్రం ఊరందరిదీ. చావిడిలో పీర్లు నిలిపితే పుట్నాలు, బెల్లం చదివించని ఇల్లుండదు. నాకు చిన్నప్పుడు జొరమొచ్చి తగ్గకపోతే మాయమ్మ మొక్కుకుందట. ఆ మొక్కుతోనే పాతికేళ్లు పీరు ఎత్తుకొని నిప్పులు తొక్కినాను. కడపలో ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు. స్వామి భార్య బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ కాబట్టి స్వామి వాళ్లకు అల్లుడని నమ్మకం. మా సీమలో ఇలాంటి చుట్టరికాలు కొత్త కాదు.

కాలనీలో మొదటి గుండం తవ్వేటప్పుడు ముజావరు మామ ఒక యూరియా సంచి తెచ్చినాడు. మూతి విప్పితే బూడిద.

“యాడిది మామా?”

“పాత గుండానిదే. ఊరు ఇడిసేనాడు తోడుకొచ్చిన. ఇంట్లో గడపతోపాటు ఇదీ మనదే గదా అబ్బీ.”

చేటెడు బూడిద గుంత అడుగున పోసి, దాని మీద మొద్దులు పేర్చినాం. ఆ రాత్రి పీరు ఎత్తుకుంటే కాళ్లకు తెలిసిన నేల కాదు. నిప్పులు మాత్రం తెలిసినవే.

చివరినాడు పీర్లను ఏటికి తీసుకుపోయి కడగాల. గండ్లూరు దగ్గర చిత్రావతి పెన్నలో కలిసే ప్రాంతం మాది. రెండు ఏర్లున్నా పేరుకే. పండగ ఎండాకాలంలో వస్తే ఇసుకలో చెలమ తవ్వి, చెంబుతో ముంచి కడిగేవాళ్లం. ఇప్పుడు రిజర్వాయరు అంచుకు పోతే మోకాలి లోతు నీళ్లు. మామ పీర్లు కడిగి పెట్టెలో సర్దుతూ నీళ్లకేసి చూసి, “చావిడి ఆ పక్కకు ఉంటాది” అని చెయ్యి చూపించినాడు. ఎవరం మాట్లాడలేదు.

సంక్రాంతికి, దసరాకు ఇంత తంటా లేదు. ముగ్గు ఏ వాకిట్లో అయినా పడుతుంది. దసరాకు బస్సెక్కి ప్రొద్దుటూరు పోతే వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి శాలలో రోజుకో అలంకారం చూసి రావచ్చు. మట్టితో, మానుతో ముడిపడిన పండగలే చోటు అడుగుతాయి.

ఇక ఏరువాక పంచాయితీ సంగతి. కరెంటు స్తంభాలకు కడదామని కుర్రోళ్లన్నారు. పెద్దోళ్లు వద్దన్నారు. కాలనీలో మిగిలినవి నాలుగు జతల ఎద్దులే, ఇంత రాద్ధాంతం ఎందుకని ఒకాయన విసుక్కున్నాడు. చివరికి తోరణం ఒక కొస ట్రాక్టరు ట్రాలీకి, ఇంకో కొస నీళ్ల ట్యాంకు మెట్లకు కట్టినాం. నాకొక పోచ దొరికింది. ఎద్దులు అమ్మేసిన వాణ్ని, దాన్ని ట్రాక్టరు స్టీరింగుకు కట్టుకున్నా.

మర్నాడు కాలనీ మొగదల ఒక వేపమొక్క నాటినాం. అది తోరణం మోసేదానికి పదేళ్లన్నా పడుతుంది. అందాక ట్రాలీ ఉంది.