రాజ్యాంగ పరిషత్తులో దుర్గాబాయి

కాకినాడ కాంగ్రెసునాడు ప్రదర్శనశాల ద్వారం వద్ద నిలిచి, టిక్కెట్టు లేనిదే జవహర్‌లాల్ నెహ్రూనైనా లోనికి పోనీయని బాలిక కథ మన విద్యార్థులకు సుపరిచితమే. అది 1923 నాటి మాట. ఆ బాలికయే పెరిగి పెద్దదై, మద్రాసు నుండి రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికై, అచ్చట ఏమి పలికినదో ఎరిగినవారు మాత్రం తక్కువ. చర్చల సంపుటాలలో ఆమె 'శ్రీమతి జి. దుర్గాబాయి'. దేశ్‌ముఖ్ అన్న పేరు 1953లో, వివాహానంతరం చేరినది.

1949 మే నెలలో పార్లమెంటు సభ్యుల అర్హతలు చర్చకు వచ్చినవి. రాజ్యసభ సభ్యత్వానికి 35 ఏండ్లు నిండవలెనన్నది ప్రతిపాదన. దానిని 30కి తగ్గించవలెనని దుర్గాబాయి సవరణ తెచ్చారు. వివేకం వయస్సును బట్టి వచ్చేది కాదని ఆమె వాదం. ఉప్పు సత్యాగ్రహంలో పిన్నవయస్సుననే చెరసాలకు ఏగిన వ్యక్తికి ఆ మాట ఒకరు నేర్పవలసినది కాదు గదా! సభ సమ్మతించినది. 84వ అధికరణంలో నేడు కనిపించే 30 ఆనాటిదే.

ఆ సెప్టెంబరులో వచ్చిన భాషా చర్చ అంత తేలికగా ముగియలేదు. హిందీని, నాగరి అంకెలతో సహా, వెంటనే నిలుపవలెనన్నవారు ఒకవంక. గడువు కోరిన దక్షిణాది సభ్యులు మరొకవంక. దుర్గాబాయిని హిందీ వ్యతిరేకి అని త్రోసిపుచ్చుటకు ఎవరికీ వీలులేదు. ఆమె బాల్యంలోనే హిందీ నేర్చి, పాఠశాల పెట్టి, తెలుగు స్త్రీలకు ఆ భాషను బోధించిన మనిషి. అట్టి ఆమె లేచి, జాతీయభాష హిందీ ఉర్దూల కలయికయైన హిందూస్థానీయే కావలెనన్నారు. దక్షిణాదివారు ఉత్సాహంతో చేపట్టిన భాషకు కొందరి అతివాదమే చేటు తెచ్చుచున్నదని, ఈ ధోరణి సాగినచో తనవంటి హిందీ అభిమానుల మద్దతు కూడా దూరమగునని నిర్మొహమాటంగా హెచ్చరించారు. ఆసక్తితో నేర్చిన పిల్లవానికీ, బెత్తానికి వెరచి నేర్చిన పిల్లవానికీ గల తేడా బడిపంతుళ్లకు ఒకరు చెప్పవలెనా?

ఆమె కోరినదంతా నెరవేరలేదు. సెప్టెంబరు 14న కుదిరిన రాజీ ప్రకారం నాగరి లిపిలోని హిందీ అధికారభాష అయినది. అంకెలు అంతర్జాతీయ రూపంలోనివి. ఇంగ్లీషుకు 15 ఏండ్ల గడువు. హిందూస్థానీ ఓడిపోయినది. అయినను ఆ పేరు 351వ అధికరణంలో మిగిలినది: హిందీ తన సహజత్వం చెడకుండా హిందూస్థానీ నుండి, ఎనిమిదవ షెడ్యూలులోని ఇతర భాషల నుండి రూపాలను, శైలిని ఇముడ్చుకొని పెరగవలెనని అందులో ఉన్నది. ఆ షెడ్యూలులో తెలుగు మొదటినుండి ఉన్నది.

గడువు 1965 జనవరి 26న ముగిసినది. ఇంగ్లీషు కొనసాగుటకు 1963లోనే చట్టం చేసినను, మద్రాసు రాష్ట్రంలో విద్యార్థులు అప్పటికే వీధులలో ఉన్నారు.