కరెంటు కారు... కొందామా, ఆగుదామా?

పెట్రోలు బంకులో మీటరు గిర్రున తిరుగుతుంటే ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది... కరెంటు కారుకి మారిపోతే ఎంత హాయో అని. తీరా షోరూమ్‌ మెట్లెక్కాక మొదలవుతాయి సందేహాలు. దారి మధ్యలో ఆగిపోతే? బ్యాటరీ పాడైతే? రెండేళ్లాగితే ఇంకా చవకవుతుందేమో? ఆ లెక్కలేంటో ఓసారి చూద్దాం.

మా కారుకి పదకొండేళ్లు. 'సార్‌, ఇక దీనిమీద డబ్బులు పెట్టకండి' అని మెకానిక్కే చెప్పేశాడు. సరే, కొత్తది కొందామనుకున్నాం. 'కొంటే కరెంటు కారే' అంది మా ఆవిడ. 'తొందరపడకండి, రెండేళ్లాగితే సగం ధరకే వస్తాయి' అన్నారు ఎదురు ఫ్లాటాయన. 'బ్యాటరీ పోతే మళ్లీ కారు కొన్నంత పని' అని భయపెట్టాడు ఆఫీసులో ఓ మిత్రుడు. తెనాలిలో ఉన్న నాన్నకి ఫోన్‌ చేసి చెప్పా. అంతా విని ఒక్కటే ప్రశ్న వేశారు.

'అదంతా సరేగానీ అబ్బాయ్‌, రాత్రి రెండింటికి ఫోన్‌ చేస్తే తెల్లారేసరికి రాగలవా దాంతో?'

హైదరాబాద్‌ నుంచి తెనాలికి దాదాపు 300 కిలోమీటర్లు. అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు ఒకసారి నిజంగానే అలా అర్ధరాత్రి బయల్దేరాల్సి వచ్చింది. కాబట్టి నాన్న అడిగింది సరదా ప్రశ్న కాదు. కాగితం, పెన్నూ తీసుకుని కూర్చున్నా.

మనకు కొత్తేం కాదు!

కరెంటు కారు మనదేశానికి నిన్నామొన్నా వచ్చిందేం కాదు. 2001లోనే బెంగళూరులో తయారైన 'రేవా' రోడ్డెక్కింది. రెండు తలుపుల బుజ్జికారు. లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీలతో ఒకసారి ఛార్జి చేస్తే 80 కిలోమీటర్లు వెళ్లేది. లండన్‌ వీధుల్లోనూ 'జీ-విజ్‌' పేరుతో తిరిగింది. ఇక్కడ మాత్రం చూసి ముచ్చటపడినవాళ్లే ఎక్కువ, కొన్నవాళ్లు తక్కువ. 2010లో ఆ కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది.

కథ మారింది లిథియం అయాన్‌ బ్యాటరీతో. దాన్ని కనిపెట్టిన ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్‌ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో మన ప్రభుత్వం విద్యుత్తు వాహనాలమీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. 2020 జనవరిలో టాటా నెక్సాన్‌ ఈవీ, ఎంజీ జెడ్‌ఎస్‌ ఈవీ వచ్చాయి. 2022లో టియాగో ఈవీ రాకతో మధ్యతరగతి కూడా లెక్కలు వేసుకోవటం మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు దూసుకెళ్లాయి. దేశంలో ఆ పోటీ జరగటం అదే మొదటిసారి. చప్పుడులేకుండా అంత వేగమా అని నగరం నోరెళ్లబెట్టింది.

నెలకి ఎన్ని కిలోమీటర్లు?

షోరూమ్‌లో అడగాల్సిన ప్రశ్న కాదిది. మనల్ని మనం అడగాల్సింది. జవాబంతా దీంట్లోనే ఉంది.

నెలకి 1200 కిలోమీటర్లు తిరిగే ఇంటిని తీసుకోండి. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారుకి 80 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 107 రూపాయలనుకుంటే ఎనిమిదిన్నర వేలు దాటుతుంది. అదే కరెంటు కారైతే యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల దాకా వెళుతుంది. ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కలుపుకుని 200 యూనిట్లు అనుకుందాం. ఇంటి కరెంటు పై స్లాబులోకి వెళ్లి యూనిట్‌ తొమ్మిదిన్నర రూపాయలు పడినా 1900 రూపాయలే. అంటే నెలకి ఆరున్నర వేలు మిగులు. ఏడాదికి దాదాపు ఎనభైవేలు. పెట్రోలు కారుకన్నా మూడున్నర లక్షలు ఎక్కువపెట్టి కొన్నా నాలుగున్నరేళ్లలో ఆ తేడా తీరిపోతుంది.

మరి నెలకి 500 కిలోమీటర్లే తిరిగితే? మిగులు మూడువేలు కూడా ఉండదు. ఆ మూడున్నర లక్షలు రావటానికి పదేళ్లు పైనే పడుతుంది. వారానికోసారి గుడికీ, నెలకోసారి పెళ్లికీ తీసే కారైతే డబ్బు లెక్కలో పెట్రోలే నయమన్నమాట.

ధరల తేడా కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లమీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. దాంతో వాటి ధరలు తగ్గి తేడా కాస్త పెరిగింది. మరోవైపు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానంలో విద్యుత్తు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్‌ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. గడువు 2026 డిసెంబరు 31. పదిలక్షల కారుమీద ఇది లక్షకు పైనే. ఆంధ్రప్రదేశ్‌కు వేరే విధానం ఉంది కాబట్టి అక్కడివాళ్లు బుక్‌ చేసేముందు రవాణాశాఖ కార్యాలయంలో కనుక్కోవటం మంచిది.

ఇంకోమాట... కారు అప్పుమీద కట్టే వడ్డీకి లక్షన్నర వరకూ ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. అది 2023 మార్చి 31లోపు మంజూరైన అప్పులకే. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్‌ పథకంలోనూ సొంత కార్లకు రాయితీ లేదు. లేని లాభాన్ని లెక్కలో కలుపుకోకండి.

ప్లగ్గు ఎక్కడ పెడతారు?

సొంతిల్లయితే చింతలేదు. ఏసీకి వాడే 15 ఆంప్‌ల సాకెట్‌ చాలు. గంటకి మూడు యూనిట్ల చొప్పున రాత్రంతా ఎక్కుతుంది. కాకపోతే ఎర్తింగ్‌ సరిగ్గా ఉండాలి. ఎక్స్‌టెన్షన్‌ బాక్సులు పనికిరావు. మంచి ఎలక్ట్రీషియన్‌తో విడిగా వైరు లాగించుకోవాలి. గోడకి బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జర్‌ అయితే సగం సమయం కూడా పట్టదు.

చిక్కంతా అపార్ట్‌మెంట్లలోనే. మా నలభై ఫ్లాట్ల అసోసియేషన్‌ మీటింగులో ఈ ప్రస్తావన తెస్తే పెద్ద చర్చే నడిచింది. 'సెల్లార్‌లో మంటలంటుకుంటే ఎవరిది పూచీ?' అన్నారొకరు. 'లిఫ్టు కరెంటుతో మీరు కారు ఛార్జి చేసుకుంటారా?' అన్నారు మరొకరు. ఇద్దరి ప్రశ్నల్లోనూ న్యాయముంది. చివరికి తేలిందేమంటే... మా ఫ్లాటు మీటరు నుంచే పార్కింగ్‌ దాకా వైరు లాక్కోవాలి, దానికో ఎంసీబీ, ఆర్‌సీసీబీ పెట్టాలి, ఖర్చంతా మాదే. ఛార్జింగ్‌కి విడి టారిఫ్‌ కూడా ఉంది కాబట్టి వేరే మీటరు తీసుకుంటే లాభమేమో డిస్కం ఆఫీసులో అడిగి చూడొచ్చు. కొత్త భవనాల పార్కింగ్‌లో అయిదోవంతు స్థలానికి ఛార్జింగ్‌ ఏర్పాటు ఉండాలని 2019లో కేంద్రం నమూనా నిబంధనల్లో చేర్చింది. కొత్తగా ఫ్లాటు కొనేవాళ్లు ఆ సంగతీ అడగాలి.

ఇంట్లో ప్లగ్గుకి దారే లేదా? అప్పుడు బయటి ఛార్జింగ్‌ కేంద్రాలే దిక్కు. అక్కడ యూనిట్‌ ఇరవై రూపాయలకు అటూఇటూగా ఉంటుంది. నెలనెలా మిగిలేదాంట్లో మూడోవంతు అక్కడే పోతుంది. పైగా ప్రతిసారీ వెళ్లి గంటసేపు కూర్చోవాలి. అలాంటివారు ఇంకొన్నాళ్లు ఆగటమే మేలు.

బ్యాటరీ భయం... ఎంత నిజం?

కారులో ఖరీదైన వస్తువు బ్యాటరీయే. అది నిజం. అయితే అది సెల్‌ఫోన్‌ బ్యాటరీలా రెండేళ్లకే నీరసపడిపోదు. చాలా కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవైవేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారన్నది కాగితంలో చిన్నక్షరాల్లో ఉంటుంది. సంతకం చేసేముందు అది చదవాలి. సెకండ్‌హ్యాండ్‌లో అమ్మితే వారంటీ కొత్త యజమానికి అంతే కాలం వర్తిస్తుందో లేదో కూడా చూడాలి.

కారు కొని బ్యాటరీని అద్దెకు తీసుకునే పద్ధతీ వచ్చింది. 2024లో ఎంజీ విండ్సర్‌ను అలాగే తెచ్చారు. అప్పుడు పెట్టిన ధర 9.99 లక్షలు, బ్యాటరీ అద్దె కిలోమీటరుకి మూడున్నర రూపాయలు. 1200 కిలోమీటర్లకి అద్దె 4200. కరెంటు కలిపితే ఆరువేలు దాటుతుంది. ముందు కట్టే సొమ్ము తగ్గుతుంది, నెలనెలా మిగిలేదీ తగ్గుతుంది. ఏ చేత్తో ఇచ్చినా ఇవ్వాల్సింది మనమే!

మన ఎండల సంగతీ చూడాలి. బ్యాటరీకి బద్ధశత్రువు వేడి. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన కారుని వెంటనే ఫాస్ట్‌ఛార్జర్‌కి తగిలించకుండా కాస్త ఆగాలి. బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటున్న మోడల్‌ అయితే మనలాంటి చోట్లకి మంచిది. వానలో ఛార్జి చేస్తే షాక్‌ కొడుతుందన్న భయం అక్కర్లేదు. చాలా బ్యాటరీలకు ఐపీ67 రక్షణ ఉంటుంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. కానీ, 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచినట్టు రోజుల తరబడి నీళ్లు నిలిస్తే మాత్రం ఏ కారైనా ఒకటే. ఆ ఊళ్లలో ఉండేవాళ్లకి బీమా పాలసీయే అసలైన గొడుగు.

ఆగితే చవకవుతుందా?

ఎదురు ఫ్లాటాయన మాటలో సగం నిజముంది. 2010లో కిలోవాట్‌ అవర్‌కి వెయ్యి డాలర్లు పైనున్న బ్యాటరీ ధర 2024 నాటికి 115 డాలర్లకు పడిపోయిందని బ్లూమ్‌బర్గ్‌ఎన్‌ఈఎఫ్‌ లెక్క. మరి కార్లు అంత చవకవ్వలేదేం? ఎందుకంటే కంపెనీలు ధర తగ్గించే బదులు బ్యాటరీ పెంచుతున్నాయి. 2020లో నెక్సాన్‌ ఈవీ 30.2 యూనిట్ల బ్యాటరీతో వచ్చినప్పుడు ప్రారంభ ధర 13.99 లక్షలు. 2024లో 45 యూనిట్ల బ్యాటరీతో వచ్చిన మోడల్‌ ప్రారంభ ధరా అదే! ఆగితే సగం ధరకి రాదుగానీ అదే ధరకి ఎక్కువ దూరం వస్తుంది. మరోపక్క ఆగిన ప్రతి నెలా పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది.

పొగ సంగతో? కరెంటు బొగ్గు నుంచే కదా వచ్చేది అంటారు. నిజమే. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్‌డయాక్సైడ్‌ వెలువడుతోంది. వంద కిలోమీటర్లకి 11 కిలోలనుకోండి. పెట్రోలు కారుకైతే అది 15 కిలోలు. బ్యాటరీ తయారీలో వెలువడేది దీనికి అదనం. కాబట్టి తిరిగేకొద్దీనే మేలు. డాబా మీద సౌరఫలకాలుంటే ఇక చెప్పేదేముంది!

ఇంతకీ తెనాలి వెళ్లామా?

వెళ్లాం. కాగితంమీద లెక్కలు కాదని, 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుని మూడురోజులు అద్దెకి తీసుకుని బయల్దేరాం. కంపెనీ చెప్పే దూరంలో మూడింట రెండొంతులే నమ్మాలని తెలిసినవాళ్లు ముందే చెప్పారు. హైవేమీద యూనిట్‌కి ఆరు కిలోమీటర్లే వచ్చింది. సూర్యాపేటకి వచ్చేసరికి సగం ఖాళీ. ఫాస్ట్‌ఛార్జర్‌ దగ్గర నలభై నిమిషాలు. ఆలోపు ఇడ్లీ, కాఫీ, పిల్లాడి అల్లరి. తెనాలి చేరేసరికి పాతిక శాతం పైనే మిగిలింది. తిరుగు ప్రయాణంలో మాత్రం అంత సజావుగా జరగలేదు. ఒకచోట ఛార్జర్‌ పనిచెయ్యలేదు. ఇంకోచోట ముందు మరో కారు ఉంది. గంటకు పైనే ఆలస్యం.

ఆ రాత్రి తెనాలిలో కారుని ఏసీ సాకెట్‌కే తగిలించాం. పొద్దున్నే నేను లేచేసరికి నాన్న మీటరు దగ్గరున్నారు. 'ఇరవైనాలుగు యూనిట్లు తాగిందిరా. రెండొందల చిల్లర' అన్నారు లెక్కకట్టి. అమ్మ నవ్వింది.

కాఫీ తాగుతూ నేనే కదిపా. 'నాన్నా, నువ్వడిగిన దానికి జవాబు... రాగలను. కాకపోతే దార్లో ముప్పావుగంట ఆగాలి. ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే' అన్నా. దాచిపెట్టి లాభమేముంది?

ఆయన కాసేపు మాట్లాడలేదు. 'మొన్న మీ అమ్మకి బాగాలేదని చెప్పినరాత్రి ఎక్కడా ఆగకుండా తోలుకొచ్చావుగా' అన్నారు. 'అవును.' 'నువ్వొచ్చేలోపు పక్కింటివాళ్లే ఆసుపత్రికి తీసుకెళ్లారు. మాకు ఆ రాత్రంతా అమ్మమీద కంటే నీమీదే బెంగ. నిద్రమత్తులో ఎలా వస్తున్నావో అని. దారిలో ఆగి, కాఫీ తాగి, మొహం కడుక్కుని వచ్చే బండే మంచిదిరా.'

మా లెక్క తేలిపోయింది. నెలకి 1200 కిలోమీటర్ల పైనే తిరుగుతాం. అసోసియేషన్‌ ఒప్పుకుంది. ముందు పార్కింగ్‌లో వైరింగ్‌, ఆ తర్వాతే కారు అనుకున్నాం. ఎలక్ట్రీషియన్‌ వచ్చే ఆదివారం వస్తానన్నాడు. మీ లెక్క మాకంటే వేరుగా ఉండొచ్చు. నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ప్లగ్గు ఎక్కడ పెడతారు, అర్ధరాత్రి ఎంతదూరం వెళ్లాల్సి రావచ్చు... ఈ మూడిటికీ జవాబు రాసుకోండి. కొనాలో ఆగాలో మీ కాగితమే చెబుతుంది!