జాఫ్రా ఎరుపు, జెనిపాపో నలుపు

జాఫ్రా గింజల్ని కాస్త తడిచేసి నలిపితే వేళ్లు ఎర్రబడతాయి. ఆంధ్ర ఏజెన్సీలో వీటిని పండిస్తారు. మహారాష్ట్రలోని మన పిల్లలు శేంద్రీ అన్న పేరు విని ఉంటారు. మొక్క మాత్రం మన దేశానిది కాదు, అమెరికా ఖండపు ఉష్ణమండలానిది. శాస్త్రీయ నామం బిక్సా ఒరెల్లానా. 1541–42లో అమెజాన్ నది వెంట ప్రయాణించిన స్పెయిన్ దేశస్థుడు ఒరెల్లానా పేరది. తరతరాలుగా ఆ రంగు వాడినవారి పేరు కాక, దారిన పోయినవాడి పేరు నిలిచింది!

బ్రెజిల్ అడవుల్లోని కయాపో ప్రజలు ఈ ఎరుపును ముఖానికి, చేతులకు, పాదాలకు పూసుకుంటారు. ఒంటికి నలుపు కావాలి. అది జెనిపాపో అనే చెట్టు పచ్చికాయల రసం నుంచి వస్తుంది. రసానికి మొదట రంగే ఉండదు. గీసే గీత కనబడాలి కనుక అందులో బొగ్గుపొడి కలుపుతారు. తల్లులు ఆకు ఈనెతో పసిబిడ్డల ఒంటిమీద సన్నని గీతలు గంటల తరబడి గీస్తారు. వయసును బట్టి, సందర్భాన్ని బట్టి ముగ్గు మారుతుంది. చూసేవారికి అది ఒంటిరంగు, వారికి బట్టతో సమానం. పుస్తకాల్లో ఇలాంటి బొమ్మ కనబడితే పిల్లలు నవ్వుతారు. నవ్వు ఆగాక మేము వాళ్ల గోరింటాకు చేతులే చూపిస్తాం.

ఎందుకంటే రెండింటి పనితీరూ దగ్గరదే. గోరింటాకులోని లాసోన్ చర్మంలోని కెరటిన్‌ను పట్టుకుంటుంది. జెనిపాపోలోని జెనిపిన్ కూడా చర్మపు ప్రొటీన్లతో కలిశాకే నీలినలుపుగా తేలుతుంది. దానికి కొన్ని గంటలు కావాలి. మన భాషలో గోరింటాకు 'పండింది' అంటాం. ఈ రసాయన చర్యకు ఇంతకంటే మంచి మాట మాకు దొరకలేదు. పై చర్మం రాలేకొద్దీ రెండు రంగులూ పోతాయి.

తల్లిదండ్రులతో చెప్పవలసిన అసలు సంగతి ఇక్కడే ఉంది. గోరింటాకు ఆకు నారింజ నుంచి ముదురు గోధుమ ఎరుపు దాకా పండుతుంది గాని, కాటుకలా నల్లబడదు. జాతరల్లో, పెళ్లిళ్లలో 'నల్ల మెహందీ' అని గంటలోపే నల్లగా పండే కోన్లు అమ్ముతుంటారు. వాటిలో చాలావరకు జుట్టు రంగులో వాడే పీపీడీ కలుస్తుంది. దీన్ని చర్మానికి పూయడానికి ఐరోపా సమాఖ్యలో అనుమతి లేదు. కొందరు పిల్లలకు బొబ్బలు లేస్తాయి, మచ్చలు మిగులుతాయి. ఒకసారి ఆ అలర్జీ వచ్చిందంటే జీవితాంతం ఉండిపోవచ్చు. పెద్దయ్యాక జుట్టుకు రంగు వేసుకున్నా మళ్లీ బాధ పెడుతుంది.

అడవి మొక్కది కనుక హాని ఉండదనీ అనుకోవద్దు. ఇప్పుడు విదేశాల్లో జాగువా పేరుతో అమ్ముతున్న జెనిపాపో రంగు కూడా కొందరికి పడలేదు.

జాఫ్రా రంగు మన ఇళ్లలోకి ఇప్పటికే వచ్చేసింది. వెన్న, చీజ్ పొట్లాల మీద '160బి' అని, లిప్‌స్టిక్ పెట్టెల మీద 'సి.ఐ. 75120' అని ఉంటే అదే. ఈ అంకెల్ని ఇంట్లో వెతికి రమ్మనండి, పిల్లలు ఉత్సాహంగా వెతుకుతారు. గింజలు దొరికితే కొన్ని గోరువెచ్చని కొబ్బరినూనెలో వేసి చూపండి. ఇందులోని బిక్సిన్ నూనెలో కరిగే రంగు. కాసేపటికి నూనె పసుపెక్కి, నారింజకు తిరుగుతుంది. పండగ ముందు కోన్ కొనేటప్పుడు మాత్రం ఎంతసేపట్లో, ఏ రంగులో పండుతుందో దుకాణంలోనే అడగండి. గంటలో నల్లగా అంటే అక్కడే వదిలేసి, ఆకు రుబ్బుకోండి.